అక్క మానేస్తానన్న రోడియో

కౌబాయ్‌లు గుర్రాలూ ఎద్దులూ ఎక్కి స్వారీ చేసే పోటీలు, రోడియోకి, శనివారం ఉదయం తొమ్మిదీ పదికి పదకొండు టికెట్లు బుక్ చేశాను. అమెరికాలో తలో ఊళ్లో ఉంటాం: నోవైలో అక్క, రెడ్‌మండ్‌లో తమ్ముడు, అరోరాలో నేను. మా మూడు కుటుంబాలూ జులైలో వయోమింగ్‌లో జరిగే ఆ రోడియో పండుగకు కలవాలని నాలుగు నెలలుగా అనుకుంటున్నాం.

పదిన్నరకు అక్క ఫోన్ చేసింది.

"చిన్నీ, ఈసారి నేను మానేస్తానే. మీరు వెళ్లిరండి."

"పిల్లలకి కౌబాయ్ టోపీలు కూడా ఆర్డర్ చేశాక ఇప్పుడా చెప్పేది?"

"అది కాదే..."

"ఇంకేం చెప్పకు. ఎద్దెక్కేది నువ్వు కాదుగా! కూర్చుని చూడటమేగా."

అక్క నవ్వింది. సరే, వస్తానంది.

జులైలో, పండుగ రెండో రోజు స్టేడియం మెట్లు దిగుతూ కుప్పకూలిపోయింది. ఆసుపత్రి వరండాలో బావగారు అసలు సంగతి చెప్పారు. పేగులో కణితికి ఆపరేషన్ ఆ వారమే జరగాల్సిందట. మా సరదా పాడుచేయడం ఇష్టంలేక అక్క దాన్ని నెల రోజులు వాయిదా వేయించుకుందట. మాకు చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకుందట.

అక్క ఆ చలికాలం దాటలేదు. నెల ఆలస్యం వల్లేనా అని నేను డాక్టర్లను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

మా ఇళ్లలో ఇప్పుడు రానన్నవాళ్లను ఎవరూ బలవంతపెట్టడం లేదు.