తల్లిని కొరికిన చేపపిల్లలు

మా కోవిల్‌పట్టి ఇంటి బావినీళ్ళు ఉప్పగా ఉండేవి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. నా చిన్నప్పుడు మా అవ్వ ఆ బావిని తిట్టని పూట లేదు. ఆ నీళ్ళను మెచ్చుకున్న మనిషిని ఒక్కణ్ణే చూశాను, మా మామను. అమ్మకు తమ్ముడు. విరుదునగర్‌లో దేవుడి పటాలకు అద్దాలు కట్టే అంగడి పెట్టుకున్నాడు. తూత్తుకుడి వైపు ఉప్పుకాలువల్లో తిరిగే కాసుచేపలకు ఇలాంటి నీళ్ళే కావాలని మురిసిపోయి, ఒకరోజు రైల్లో గాజుతొట్టి మోసుకొచ్చాడు. పటాల అద్దాలనే రేకు చట్రంలో బిగించి, సందుల్లో తారు పూశాడు.

తొట్టి వస్తే చేపలు రావద్దూ! రాలేదు. కడిగిన ఇసుక పరిచాడు, విరిగిన పెంకు ఒకటి ఏటవాలుగా నిలబెట్టాడు, నీళ్ళు నింపాడు, పారబోశాడు, మళ్ళీ నింపాడు. తారు వాసన పోవాలట, నీళ్ళు కుదురుకోవాలట. నేను రోజూ ఉత్త నీళ్ళ ముందు కూర్చుంటే వీధిలో పిల్లలు పడీపడీ నవ్వారు. చివరికి మామ కుండలో తెచ్చింది రెండే చేపలు. నేను ఏడుపు లంకించుకున్నాను. ఇవి చోటు కోసం కొట్టుకునే జాతి, ఇంత చిన్న తొట్టికి ఒక జంటే ఎక్కువ అన్నాడు. మేత కూడా చిటికెడే వెయ్యాలి, మిగిలితే నీళ్ళు చెడతాయి. పిసినారి మామ అనుకున్నాను. కానీ పసుపు పూసినట్టున్న ఒంటికి పక్కన నల్లచుక్క పెట్టుకుని అవి తిరుగుతుంటే నా అలక ఎంతసేపు నిలుస్తుంది!

అప్పటికి మా అమ్మకు నెలలు నిండుతున్నాయి. పక్కింటి అక్క కాన్పులో పోయి ఏడాది కూడా కాలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఎత్తకపోతే పిల్లలకు తెలియదనుకునేవారు, పిచ్చి పెద్దవాళ్ళు.

ఆడచేప ఆ పెంకు మీద గుడ్లు పెట్టింది. జంట రెండూ కాపలా కాస్తూ గుడ్లకు రెక్కలతో విసిరాయి. కొన్నాళ్ళకు కంటికి ఆనీ ఆనని పిల్లలు లేచి ఈదసాగాయి. ఆ సంబరం మూణ్ణాళ్ళు కూడా నిలవలేదు. పిల్లలన్నీ తల్లి ఒంటికి అతుక్కుని పొడవడం మొదలుపెట్టాయి. అది చూసి అవ్వ గుండెలు బాదుకుంది.

"అయ్యో, కన్నతల్లినే కొరుక్కు తింటా ఉండాయే! చూలాలు ఉండే ఇంట్లో ఇదేం అపశకునం! పారబొయ్యండి!"

శకునాల సంగతి నాకేం తెలుసు? అమ్మ కడుపులో ఉన్నది కూడా అమ్మను అలాగే తింటోందని మాత్రం తెలిసిపోయింది. పక్కింటి అక్కనూ కడుపులోది అట్లాగే తినేసి ఉంటుంది. ఇక నాకు అన్నం సహించలేదు. అమ్మ దగ్గరికి పిలిస్తే దూరంగా నిలబడి, ఆ కడుపు వైపు చూసి ఏడ్చేదాన్ని. అమ్మ అడిగి అడిగి చివరికి నా నోటి నుంచి ఆ మాట రాబట్టింది.

కోప్పడలేదు. కాసేపు ఆగమని అవ్వకు చెప్పి, తొట్టి ముందు ఆయాసపడుతూ చతికిలబడి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"కొరికితే పారిపోదా అమ్మీ? చూడు, తానే పక్క తిప్పి ఇస్తా ఉండాది. ఒంటిమీద జిగురు నాకుతా ఉండాయి, పాలు తాగినట్లే ఇది. నువ్వూ నన్ను ఇట్లనే తాగితివి. నేనేమన్నా అరిగిపోతినా?"

చూశాను. తల్లి అలసి పక్కకు తప్పుకోగానే మగచేప వచ్చి ఆ చోట నిలబడింది. పిల్లలన్నీ దాన్ని అతుక్కున్నాయి.

"అడియమ్మా! మొగోడు కూడా పాలిస్తాడా!" అని వెనకనుంచి అవ్వ బుగ్గలు నొక్కుకుంది.

అమ్మ పొట్ట కదిలేలా నవ్వింది. నేను ఆ పొట్ట మీద చెయ్యి వేశాను. లోపలి నుంచి చిన్న తన్ను తగిలింది. ఆ తర్వాత తొట్టి జోలికి ఎవరూ రాలేదు.

తమ్ముడు క్షేమంగా పుట్టాడు. వాడికి పాలిస్తూనే అమ్మ రెండో పక్కన నాకు చోటిచ్చింది.

ఎన్నో ఏళ్ళకు అవ్వ ఒక మాట చెప్పింది. కాన్పునాడు పక్కింటి అక్క తలను ఒళ్ళో పెట్టుకుని, ప్రాణం పోయేదాకా కూర్చున్నది మా అమ్మేనట. అంతా కళ్ళారా చూసిన మనిషి! తొట్టి ముందు కూర్చున్న ఆ రోజు నాకంటే ఎంత ఎక్కువ భయపడి ఉంటుందో తలచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు నిండుతాయి. ఈ బతుకులో నాకూ భయాలు తక్కువేం రాలేదు. వచ్చినప్పుడల్లా ఇంట్లో నాతోపాటు ఇంకెవరు బెదిరిపోయారా అని చూస్తాను. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను. ముందు వాళ్ళ భయం తీరనీ, నాది తర్వాత చూసుకుందాం అనుకుంటాను.