మూత పిడి కిటికీ వైపు

మా తోడికోడలిని వీధిలో అందరూ భూతద్దం అంటారు. మొహం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. మా బావగారిది కళ్లద్దాల దుకాణం. పెళ్లయిన కొత్తలో ఆ దుకాణం నుంచి ఆవిడ ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్న వస్తువు కొయ్యపిడి ఉన్న ఒక భూతద్దం. బొప్పాయి గింజలు కలిపారేమోనని మిరియాలను బల్ల మీద పోసి, ఒక్కొక్కటే దొర్లించి, దానితో చూస్తుంది. వెన్న చూస్తుంది, పిండి చూస్తుంది, చిల్లర తెచ్చిన మనిషి మొహం కూడా చూస్తుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అంటారే, మా అక్క ఎదుటివాళ్లు ఆవలించే దాకా కూడా ఆగదు.

అలాంటి మనిషిని ఇంతకాలం ఎలా భరించారని అడిగితే నా దగ్గర ఒక్కటే జవాబు. ఆవిడ చేసే గ్రేవీ.

మామూలు రోజుల్లో ఉల్లిపాయ గ్రేవీ. ఉల్లిపాయలు సన్నగా తరిగి, చిన్న మంట మీద తేనె రంగు వచ్చేదాకా పక్కనే నిలబడి వేయిస్తుంది. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లు పారబోస్తే ఆవిడకు కోపం. ఆ చిక్కటి నీళ్లే గ్రేవీలో పోస్తుంది. ఇంట్లో ఎవరికైనా నలతగా ఉంటే వెన్న లేకుండా పల్చగా టమాటా గ్రేవీ. మా ఆయన మాంసం ముట్టరు కాబట్టి ఆయన వచ్చిన రోజున పుట్టగొడుగులు వేసి, చివర్లో పాలు పోసిన గ్రేవీ. ఇక పండగకి చేసేది వేరే సంగతి. ఎముకలు ఎర్రగా కాల్చి, క్యారెట్టూ ఉల్లిపాయలూ తొక్కలతో సహా వేసి, పొద్దున మొదలుపెట్టి మరిగిస్తూనే ఉంటుంది. వడగట్టాక, వెన్నలో పిండి వేయించి ఆ రసాన్ని గరిటె గరిటెగా పోస్తూ కలుపుతుంది. పిండి బాదం తొక్క రంగు దగ్గర ఆగాలి. దాటిందా, చేదు. రసం ఒక్కసారి పోశామా, ఉండలు. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత చెరిగిపోకుండా ఉండాలి.

నేనూ ఒకసారి చేశాను. అక్క వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, “గోడకి పగుళ్లేమైనా ఉన్నాయా? వాటికి పనికొస్తుంది” అంది. తర్వాత నేను ఆ పని పెట్టుకోలేదు. గోడకి ఇటు మేము, అటు వాళ్లు. గిన్నె పట్టుకుని వెళితే సరిపోయేదానికి నాకెందుకా శ్రమ?

పోయిన వానల్లో అక్కకి గట్టి జ్వరం వచ్చింది. తగ్గి లేచాక మనిషి బాగానే ఉంది గానీ, అనుమానం మాత్రం రెండింతలైంది. సబ్బుకి వాసన లేదంది. టీ పొడిలో రంపపు పొట్టు కలుపుతున్నారంది. మిరియాలకి ఘాటే లేదని కిరాణా కొట్టాయనతో పెద్ద గొడవ పెట్టుకుంది. ఆయన దణ్ణం పెట్టి, “అమ్మా, ఇదే మిరియం వీధంతా తింటోంది. మీ ఒక్కరికే ఎందుకు కల్తీ చేస్తాను?” అన్నాడు. “అదే నేనూ అడుగుతున్నా, నా ఒక్కదానికే ఎందుకు చేస్తున్నావు?” అని అక్క ఆ సంచీని అక్కడే వదిలేసి వచ్చింది.

ఇదంతా ఎప్పుడూ ఉండేదే అని నేను పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం పెరటి గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, గొంతు తగ్గించి చెప్పింది.

“నా గ్రేవీలో ఎవరిదో చెయ్యి పడుతోంది.”

“చెయ్యి పడటమేమిటి అక్కా?”

“గిన్నె మూతకి పిడి ఉందా? దానికి ఒక పక్క పెచ్చు లేచిందా? ఆ పెచ్చు కిటికీ వైపు ఉండేలా మూత పెట్టి స్నానానికి వెళుతున్నా. వచ్చేసరికి అది గోడ వైపు తిరిగి ఉంటోంది. ఒకరోజు గ్రేవీ నేను దించినదానికంటే పెరిగింది. పిండి డబ్బాలో పిండి తరిగింది. ఎవరు చేస్తున్నట్టు?”

“అనుమానం పెనుభూతం అక్కా.”

“పెనుభూతమో చిన్న భూతమో, మూత ఎలా తిరిగింది?”

నేను మనసులో లెక్క వేసుకున్నాను. ఇంట్లో ఉండేది నలుగురు. బావగారు వంటింటి గడప తొక్కరు. కొడుకు తండ్రితో పాటు దుకాణంలో అద్దాలు అరగదీస్తుంటాడు. మిగిలింది కోడలు. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది.

“మందుల షాపు,” అంది అక్క ఆ మాటని సాగదీస్తూ. “అర్థమైందా? నా వంటలో ఏదో పొడి కలుపుతోంది. అందుకే ఈమధ్య నా గ్రేవీ నాకే రుచించట్లేదు. నా చేతి వంట చెడగొడితే, పొయ్యి తన చేతికి వస్తుందని.”

“ఛ, ఆ పిల్లా?” అన్నాను. అన్నానే గానీ, ఆ రోజు నుంచి నాకూ ఆ రోగం అంటుకుంది. పని లేకపోయినా గిన్నె పట్టుకుని వెళ్లి, కోడలి కదలికలు గమనించడం మొదలుపెట్టాను. ఒకసారి ఆ పిల్ల వంటింట్లోంచి గుప్పిట మూసుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి ఉలిక్కిపడింది. “ఏమిటమ్మాయ్ అది?” అంటే “ఏం లేదు చిన్నత్తయ్యా, చెత్త” అంది. గుప్పిట వేళ్ల సందులోంచి మడిచిన తెల్ల కాగితం కొస కనిపించింది. మందుల షాపుల్లో మాత్రలు చుట్టి ఇస్తారే, ఆ కాగితం.

నేను అక్కకి చెప్పలేదు. చెబితే ఆ క్షణమే ఇల్లు రెండు ముక్కలయ్యేది. ఎందుకంటే అక్క అప్పటికే తేల్చి చెప్పేసింది: “దాని చెయ్యే అని రుజువైతే ఆ సాయంత్రమే దానికి వేరే ఇల్లు, వేరే పొయ్యి.” పెళ్లాంతో పాటు కొడుకూ వెళ్తాడు. నాకా పిల్లంటే ఇష్టం. వాళ్లు వెళ్లిపోతే బావగారు దిగులుతో మంచం పడతారని కూడా నాకు తెలుసు. నోరు మూసుకుని కూర్చున్నాను. నా నోరు మూసుకోవడం ఎంత కష్టమో మా వాళ్లనడిగితే చెబుతారు.

పండగ పొద్దున్నే అక్క నన్ను పిలిచి వంటిల్లు చూపించింది. ఒక గిన్నెలో ఎముకల గ్రేవీ, ఇంకో గిన్నెలో పుట్టగొడుగులది. రెండూ నిగనిగలాడుతున్నాయి.

“రెండింటిలోనూ ఉప్పు రవ్వంత కూడా వేయలేదు,” అంది. “నేనిప్పుడు స్నానానికి వెళ్తా, కావాలనే ఆలస్యం చేస్తా. బల్ల మీదకి వచ్చేసరికి ఇందులో ఉప్పు ఉందనుకో, దొంగ దొరికినట్టే. నువ్వే సాక్షి.”

రెండింటికీ మూతలు పెట్టి, పెచ్చు లేచిన పిడిని కిటికీ వైపు తిప్పింది. కోడలిని పిలిచి, ఇవాళ వంటింట్లోకి వెళ్లకమ్మా అని చెబుదామా అని నోటిదాకా వచ్చింది. కానీ నిజంగానే ఆ పిల్ల ఏదో కలుపుతుంటే? ఆ అనుమానమే నా నోరు నొక్కేసింది. వసారాలో కూర్చుని బల్ల గుడ్డలు మడతపెడుతున్నట్టు నటించాను. కాసేపటికి కోడలు పళ్లేలు తీసుకొస్తానని వంటింట్లోకి వెళ్లింది. పళ్లేలు తేవడానికి పట్టే టైము కంటే ఎక్కువసేపే ఉంది.

భోజనానికి ఆరుగురం కూర్చున్నాం. బావగారు, అక్క, కొడుకు, కోడలు, మా ఆయన, నేను. అక్క అందరికీ తనే వడ్డించింది. నేను రొట్టె ముక్క గ్రేవీలో ముంచి నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు ఉంది. ఎంత ఉండాలో అంతే ఉంది.

అయిపోయింది, పిల్ల దొరికిపోయిందనుకున్నాను. తలెత్తి అక్క వైపు చూడటానికి భయం వేసింది. అక్క తన పళ్లెంలోంచి ఒక చెంచా నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. ఇంకో చెంచా వేసుకుంది. తర్వాత ఆ మొహంలో ఎన్నో నెలలుగా నేను చూడని నవ్వు కనిపించింది.

“ఎవరూ ముట్టుకోలేదే చెల్లీ,” అని నా చెవిలో చెప్పింది. “చప్పగా ఉంది. మూత కూడా ఇవాళ నేను పెట్టినట్టే ఉంది. పాపం, పిల్లని అన్యాయంగా అనుకున్నాను.” అని ఉప్పు డబ్బా బల్ల మధ్యకి తోసి, అందరికీ వినపడేలా, “ఇవాళ గ్రేవీలో ఉప్పు వేయలేదు. ఎందుకని అడక్కండి. తలా కాస్త వేసుకోండి” అంది.

నేను ఇంకో రొట్టె ముక్క ముంచి చూశాను, ఉప్పు ఉంది. ముందుగా బావగారు చెయ్యి చాపి, డబ్బాలోంచి చెంచాడు తీసి, తన గ్రేవీలో చల్లుకుని కలుపుకున్నారు. ఆ వెనక కొడుకు. ఆ వెనక కోడలు. మా ఆయనకి లోకజ్ఞానం తక్కువ. “అదేంటి వదినా, ఉప్పు సరిగ్గా…” అని మొదలుపెట్టి, “అబ్బా!” అని కాలు తడుముకున్నారు. బల్ల కింద బావగారు తొక్కినట్టున్నారు. ఆయనా మారు మాట్లాడకుండా వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను.

అలాంటి భోజనం నేను జన్మలో చేయలేదు. ముద్ద ముద్దకీ నాలుక మండింది. నీళ్ల కూజా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తిరుగుతూనే ఉంది. మేం నవ్వుతూ తింటున్నాం, బాగుంది బాగుంది అంటున్నాం.

కానీ అవతల కూర్చున్నది ఎవరు? భూతద్దం. నాలుక మోసం చేసినా ఆ కళ్లు మోసం చేయలేదు. ఆవిడ మా గొంతుల వైపు, గ్లాసుల వైపు, ఖాళీ అయిన కూజా వైపు చూసింది. నవ్వు మెల్లగా పోయింది.

“చప్పటి గ్రేవీలో తలా కాస్త ఉప్పేసుకుంటే ఇన్ని నీళ్లు ఎందుకు తాగుతున్నారు?” అంది.

అక్క ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కుంది. నిండా ఒక చెంచా తీసి తన పళ్లెంలో వేసుకుని, కలిపి, నోట్లో పెట్టుకుంది. మొహంలో ఏ మార్పూ లేదు. ఇంకో చెంచా తీసి ఉప్పు ఉత్తదే నోట్లో వేసుకోబోయింది. కోడలు లేచి వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

“వద్దు అత్తయ్యా.”

“ఎప్పటినుంచి?” అంది అక్క.

“జ్వరం తగ్గినప్పటి నుంచి. ఆ రోజు పిండి మాడిపోయి ఇల్లంతా వాసన. మీరు పొయ్యి దగ్గరే ఉన్నారు. మాడు వాసన రావట్లేదా అత్తయ్యా అంటే, ఏం వాసన అన్నారు. అప్పుడు తెలిసింది. మీరు అటు వెళ్లగానే ఆ పిండి పారబోసి మళ్లీ నేనే వేయించా. అప్పట్నుంచి మీరు స్నానానికి వెళ్లగానే చూసి, ఉప్పు తక్కువైతే కలుపుతున్నా, ఎక్కువైతే బంగాళాదుంప నీళ్లు పోస్తున్నా.”

“ఆ కాగితం?” అన్నాను నేను ఆగలేక.

“ఉప్పూ మిరియప్పొడీ చిన్నత్తయ్యా. డబ్బాలోంచి తీస్తే అత్తయ్య కనిపెట్టేస్తారని కాగితంలో కట్టుకుని వెళ్లేదాన్ని.”

“అందరికీ తెలుసా?” అని అక్క బావగారి వైపు తిరిగింది.

“నేనే చెప్పొద్దన్నాను,” అన్నారు ఆయన. “మందుల షాపు దగ్గర డాక్టరు గారిని అమ్మాయి అడిగింది. రుచి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారట. ఆ గరిటె పక్కన పెడితే నువ్వేమైపోతావో నాకు తెలియలేదు.”

అక్క ఏడ్చింది. ఆవిడ ఏడవటం నేను చూడటం అదే మొదటిసారి. చూసి నాకూ ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఒళ్లు మండింది కూడా. ఇంత జరుగుతుంటే నాకొక్కదానికే చెప్పలేదా? పళ్లేలు కడిగేటప్పుడు కోడలిని నిలదీస్తే, “మీ నోట్లో నువ్వుగింజ నానదు కదా చిన్నత్తయ్యా” అంది. నిజమే కాబట్టి ఊరుకున్నాను.

ఆ తర్వాత అక్క పొయ్యి ముట్టించలేదు. వాళ్లింట్లో రొట్టే వెన్నా తిని గడిపారు. కోడలు వండుతానంటే, చూసి అక్క ఇంకా బాధపడుతుందని బావగారు వద్దన్నారు. అక్క కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. మిరియాలు బల్ల మీద పోసి చూడటం కూడా మానేసింది. పిలిస్తే పలికేది, అంతే. ఆ అనుమానాలే నయమని నాకు మొదటిసారి అనిపించింది.

ఒక పొద్దున గోడ అవతల నుంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది. గిన్నె కూడా తీసుకోకుండా పరుగెత్తాను. అక్క పొయ్యి దగ్గర నిలబడి పిండి వేయిస్తోంది. ముక్కు పనిచేయదు కాబట్టి భూతద్దం పట్టుకుని పిండి రంగు చూస్తోంది. బాదం తొక్క రంగు రాగానే దించి, బంగాళాదుంప నీళ్లు గరిటె గరిటెగా పోసి కలిపింది. అప్పుడు పిలిచింది.

“అమ్మాయ్, ఇలా రా.”

కోడలు వచ్చి చెయ్యి చాపింది. అక్క ఆ అరచేతిలో గ్రేవీ చుక్క వేసింది. పిల్ల నాకి చూసింది.

“చిటికెడు ఉప్పు తక్కువ అత్తయ్యా.”

అక్క కళ్లు చిన్నవి చేసి ఆ పిల్ల మొహంలోకి చూసింది. “నిజంగానా?”

“నిజంగానే.”

చిటికెడు వేసి, మళ్లీ చుక్క వేసింది. “ఇప్పుడు?”

“సరిపోయింది.”

ఎవరు ఏం చెప్పినా ఇంకొకరిని అడగందే నమ్మని మనిషి మా అక్క. నన్ను కూడా అడుగుతుందని అరచెయ్యి తుడుచుకుని సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ నా వైపు చూడనే లేదు. గిన్నె మీద మూత పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయింది.

నేను మూత వైపు చూశాను. పిడి మీద పెచ్చు గోడ వైపు ఉంది. అది ఎటు తిరిగి ఉందో కూడా అక్క చూసుకోలేదు.