రత్నక్క ఎత్తుకున్న రెండు గంటలు

ఈ ఉదయం గ్లూకోజు నీళ్ళలో నిమ్మచెక్క పిండుతుంటే ఆ పుల్లటి వాసనకు రత్నక్క గుర్తొచ్చింది. ఒమాన్ తీరాన ఖురియాత్‌లోని మా ఆరోగ్య కేంద్రంలో ఆ నీళ్ళు కలపడం ఇప్పుడు నా పని. కడుపుతో ఉండగా షుగరు వచ్చిన తల్లులకు కాన్పయిన ఆరు వారాలకు వాటిని పరగడుపున తాగించి, రెండు గంటలు కూర్చోబెట్టి రక్తం తీస్తాం. నాకంటే ముందు ఆ పరీక్ష గది రత్నక్కది. నరసాపురం నుంచి వచ్చిన సీనియర్ నర్సు. ఆమె గొంతెత్తితే మందుల కిటికీ దగ్గరివాళ్ళు కూడా ఉలిక్కిపడేవారు.

బిడ్డ పుట్టాక షుగరు పోయిందిగా అని చాలామంది తల్లులు ఆ పరీక్షకు వచ్చేవారు కాదు. రత్నక్క ఒక్కొక్కరికీ ఫోను చేసి మరీ పిలిచేది. వచ్చాక, ఆ రెండు గంటలూ బిడ్డను తనే ఎత్తుకునేది. "ఒళ్ళో పసిగుడ్డుంటే తల్లి ఎక్కడ కూర్చుంటదే? అందుకే రావట్లేదు వీళ్ళు" అనేది నాతో. ఇక్కడ నలభై రోజులపాటు బాలింతను చూడ్డానికి వచ్చినవాళ్ళందరితో కలిసి ఆమె ఖర్జూరం తినడం మర్యాద. ఒక ఒమానీ అమ్మాయి ఆ సంగతి దిగులుగా చెబితే, రత్నక్క వచ్చీరాని అరబ్బీలో సలహా ఇచ్చింది. "మొదట వచ్చినవాళ్ళతో ఒకటి తిను. తర్వాత పళ్ళెం నువ్వే అందించు. అందించే మనిషి తిందో లేదో ఎవరూ చూడరు." ఆ అమ్మాయి పకపకా నవ్వింది. ఎవరి మర్యాదా చెడకుండా దారి చూపడం రత్నక్కకే చెల్లింది.

నాకూ కడుపుతో ఉండగా షుగరు వచ్చింది. కాన్పుకు వచ్చిన మా అమ్మ బాలింతలకు పెట్టే కాయం బెల్లం పాకంతో చేసి తెచ్చింది. రోజుకో ఉండ మింగుతూ, ఆరో వారం పరీక్ష మాత్రం ఎగ్గొట్టాను. తిరిగి డ్యూటీలో చేరిన రోజే రత్నక్క అడిగింది.

"నీ రిపోర్టు ఏదే?"

"బానే ఉన్నానక్కా. నర్సుని, నాకు తెలీదా?"

తిడుతుందనుకున్నాను. ఆమె మొహం మాడిపోయింది. "రేపు పరగడుపున రా. పిల్లాణ్ణి కూడా తీసుకురా" అని ఊరుకుంది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. జబ్బు ఇంకా రాలేదు కానీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నేను ఏడ్చేశాను. రత్నక్క నా బిడ్డను భుజాన వేసుకుని నన్ను సామాన్ల గదిలోకి తీసుకెళ్ళింది. రోజూ భోజనానికి ముందు ఆమె ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. ప్రార్థన చేసుకుంటోందని మేమంతా అటుగా వెళ్ళేటప్పుడు మాటలు ఆపేసేవాళ్ళం. ఆ రోజు నా కళ్ళ ముందే సంచిలోంచి ఇన్సులిన్ తీసి, ఒంటిచేత్తో పొట్టలో గుచ్చుకుంది.

"మా చిన్నది పుట్టాక నేనూ నీ మాటే అన్నాను. నర్సుని, నాకు తెలీదా అని. ఏళ్ళకేళ్ళు చూపించుకోలేదు. నీకింకా టైముంది పిల్లా."

నాకు సిగ్గేసింది, భయమేసింది, ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. ఎవరికీ చెప్పని తప్పును నా కోసం బయటపెట్టింది మరి. ఆ సాయంత్రం నుంచి డ్యూటీ దిగాక సముద్రం ఒడ్డున నాతో కలిసి నడిచింది, తన మోకాళ్ళ నొప్పులతోనే. అమ్మను నొప్పించకుండా కాయంలో బెల్లం మాన్పించింది కూడా ఆమే.

రత్నక్క రిటైరై ఊరికి వెళ్ళిపోయింది. నేను ఏటా పరీక్ష చేయించుకుని, ముందు ఆమెకే ఫోను చేస్తాను. ఇప్పటిదాకా ఆ గుమ్మం దాటలేదు.

నిన్న మన తెలుగమ్మాయే ఒకతె పాపకు టీకా వేయించడానికి వచ్చింది. కడుపుతో ఉండగా షుగరు వచ్చిందని ఆమె కార్డులో చూసి, ఆరో వారం పరీక్ష సంగతి అడిగితే, "నేనూ నర్సునే అక్కా, నాకు తెలీదా?" అంది. నేను వాదించలేదు. రత్నక్క కథ చెప్పి, పరగడుపున రమ్మన్నాను.

ఈ ఉదయం వచ్చింది. గ్లాసు ఆమె చేతికిచ్చి, పాప కోసం రెండు చేతులూ చాచాను.