ఏడో నంబరు సిలిండర్

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాల కథలు వింటే నాకు నవ్వొస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. అటక మీద ఏవో అడుగుల చప్పుడు విన్నామని ఎవరైనా అంటే, ఎలకల బోను పెట్టి చూడమంటాను. అలాంటిదాన్ని ఇది రాయడానికి కూర్చోవడం నాకే వింతగా ఉంది.

మాది తార్నాక. నాన్న తెనాలి నుంచి వచ్చి, యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో ఇంజన్ల ల్యాబు చూసుకునేవారు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి ఒక పాత అమెరికా కారు. ఎవరో జాగీర్దారుల ఇంట్లో మూలపడి ఉంటే తెచ్చుకున్నారు. రెండే తలుపులు, మంచమంత బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజన్. కారు పేరు రాయను. రాస్తే కార్ల పిచ్చివాళ్ళంతా మా ఇంటికి వచ్చేస్తారు.

ఆ ఎనిమిదిలో ఏడోది సరిగ్గా పనిచేసేది కాదు. బండి నిలబడి ఉన్నప్పుడు వింటే ఏడు దెబ్బలు పడి, ఒకటి తప్పేది. నాన్న బాగుచేయగలరు, కానీ చేయలేదు. "వాడు బద్ధకస్తుడు, పోనీలే" అనేవారు. పొద్దున నేను లేవకపోతే నన్ను కూడా "ఏడో నంబరూ, లేమ్మా" అని పిలిచేవారు. సాయంత్రం క్యాంపస్ వైపు నుంచి ఆ చప్పుడు వీధి మలుపులో వినపడగానే గేటు తీయడానికి పరుగెత్తేదాన్ని. బండి లోపలికి వచ్చాక యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి, అప్పుడు ఆపేవారు. రోజూ అంతే.

నేను డిగ్రీ చదువుతుండగా ఒక వేసవిలో ఇంజన్ బ్లాక్ పగిలింది. అలాంటిది మళ్ళీ దొరకలేదు. పాతదాన్ని తుక్కుకు వేయడానికి మనసొప్పక నాన్న ల్యాబుకు ఇచ్చేశారు. పిల్లలకు లోపలి భాగాలు కనపడేలా దగ్గరుండి ఒక పక్కంతా కోయించారు. నీళ్ళు పోయే దారికి నీలం రంగు, పొగ పోయే దారికి ఎరుపు వేయించారు. ఏటా ఆయుధపూజకు దానికి బొట్టు పెట్టి బంతిపూల దండ వేసేవారు. కారు మాత్రం ఇంజన్ లేకుండా మా షెడ్డులో ఉండిపోయింది.

నాన్న పోయిన రెండేళ్ళకు నాకు ఆ కారును మళ్ళీ నడపాలనిపించింది. నిజం చెప్పాలంటే నాకు కావలసింది కారు కాదు, ఆ చప్పుడు. నాన్న గొంతు మా ఇంట్లో ఏ క్యాసెట్‌లోనూ లేదు. ఆయన్ని తలుచుకుంటే ముందు చెవిలో పడేది ఆ చప్పుడే. అదైనా ఒక్కసారి వింటే చాలనుకున్నాను.

మెకానిక్ నర్సన్న షెడ్డు మల్కాజ్‌గిరిలో. నాకంటే చిన్నవాడే, కానీ పని దగ్గర ఎవరి మాటా వినడు. హైదరాబాద్‌లో పాత పెద్ద కార్లన్నిటికీ చివరికి జరిగే మర్యాద ఒకటుంది. పెట్రోల్ ఇంజన్ పీకేసి, ఏదో వ్యాన్‌లోంచి తీసిన డీజిల్ ఇంజన్ బిగిస్తారు. నర్సన్న కూడా అదే పట్టు పట్టాడు.

"డీజిల్ పెడ్త అక్కా. పదేండ్లు మల్ల నా మొఖం చూడవు."

నేను ఒప్పుకోలేదు. ఊరంతా గాలిస్తే అంబర్‌పేటలో ఒక తుక్కు దుకాణంలో అదే జాతి ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఒకటి కనపడింది. అది మా బండికి సరిపోతుందో లేదో తేలాలంటే పాత ఇంజన్ బ్లాక్ మీద పోతపోసిన నంబరు చూడాలి. దుకాణం ఆయన శనివారం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత కరిగించడానికి పంపేస్తాడట.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. క్లాసులు లేవు, ల్యాబుకు వారాలుగా తాళం. క్యాంపస్ గేటు దగ్గర ముళ్ళకంచెలు, పోలీసు వ్యాన్లు. మా వీధిలో ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు కొందరు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. నర్సన్న మాత్రం నా ఎదుటే ఉద్యమం పాటలు పాడుకుంటూ బోల్టులు విప్పేవాడు. మధ్యలో తలెత్తి "నిన్ను అంటలేనక్కా" అని నవ్వేవాడు.

ఆ శుక్రవారం బంద్. మాకు మిగిలింది ఆ ఒక్క రోజే. పొద్దున పదకొండింటికి ఇద్దరం నడిచి వెళ్ళాం. నర్సన్న చేతిలో మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్. అది లేకుండా అతను గడప దాటడు. దాని మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరులా జబ్బేమిటో చెప్పేస్తాడు. బంద్ నాడు అలాంటిది పట్టుకుని క్యాంపస్ గేటుకు పోయే తెలివి మాకే ఉండాలి. కానిస్టేబుల్ ఆపాడు.

"ఏందిది?"

"ఇంజన్ వినేది సార్."

అతను నమ్మక వాళ్ళ జీపు స్టార్ట్ చేయించాడు. నర్సన్న విని, "బెల్టు లూజున్నది సార్, జల్ది మార్పియ్యుండ్రి" అన్నాడు. జీపు ఆపేసి మమ్మల్ని వదిలేశారు.

ల్యాబు అటెండర్ సాయిలు ఒకప్పుడు నాన్న దగ్గర పనిచేసినవాడే. "సార్ బిడ్డ అడిగితే కాదంటనా" అని తాళం తీశాడు. లోపల కరెంటు మెయిన్ ఆపేసి ఉంది, కిటికీల వెలుతురే దిక్కు. ఇంజన్ స్టాండు మీద ఉంది. దాని కింద పోయిన దసరాకు సాయిలు వేసిన బంతిపూలు ఎండి రాలి ఉన్నాయి. నేను వెనక్కి వెళ్ళి దుమ్ము తుడిచి, నంబరు కాగితం మీద రాసుకుంటున్నాను. చేతికి పని లేకపోతే నర్సన్నకు తోచదు. అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ కోయని పక్కకు ఆనించి చెవి పెట్టాడు.

ఒక్కొక్క సిలిండర్ మీదికీ జరుపుతూ పోయాడు. చివర్లో ఆగి, నాలుక చప్పరించాడు.

"అక్కా, ఏడో నంబర్ కొడ్తలేదు."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఏడో నంబరు సంగతి నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు. అది మా ఇంటి మాట. సాయిలుకు కూడా తెలియదని తర్వాత అడిగి తేల్చుకున్నాను.

అనేశాక గానీ నర్సన్నకు తను ఏమన్నాడో తట్టలేదు. ఎదురుగా ఉన్నది సగం కోసిన ఇంజన్. ప్లగ్గులు లేవు, నూనె లేదు, తిప్పడానికి మోటారు లేదు. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

చెవికి పెట్టుకున్నాను. లోపల ఇంజన్ నడుస్తోంది. ఏడు దెబ్బలు, ఒకటి తప్పు. మళ్ళీ ఏడు, మళ్ళీ తప్పు. మొదట దూరంగా, వీధి మలుపు అవతల నుంచి వస్తున్నట్టుగా ఉంది. తర్వాత దగ్గరైంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ గదిలో గేటు ఎక్కడుందని వెతుక్కున్నాను, లేచి తీయాలనిపించింది.

అప్పుడొక తెలివితక్కువ పని చేశాను. పాఠాలు చెప్పే బుద్ధి ఎక్కడికి పోతుంది? సాక్షి కావాలనిపించింది. "సాయిలూ, నువ్వొచ్చి విను" అని స్క్రూడ్రైవర్ చెవి నుంచి తీశాను.

సాయిలు విన్నాడు. "ఏం వినొస్తలేదమ్మా" అన్నాడు. లాక్కుని మళ్ళీ నేను పెట్టుకున్నాను. ఏమీ లేదు. నర్సన్న పెట్టుకున్నాడు. ఏమీ లేదు. యాక్సిలరేటర్ తొక్కి ఆపిన చప్పుడు నేను వినలేదు. ఆ బండి ఇంటిదాకా వచ్చిందో లేదో నాకు తెలియదు.

కారణాలు వెతక్కపోలేదు. బయట జీపు నడుస్తోందేమోనని వెళ్ళి చూశాను, ఆపే ఉంది. కాలేజీ తెరిచాక ఒక రోజు ల్యాబు కిటికీ కింద వ్యాన్ స్టార్ట్ చేయించి, అదే స్క్రూడ్రైవర్‌తో విన్నాను. గరగర తప్ప ఇంకేమీ లేదు. నర్సన్నను కదిపితే "నేను విన్నది విన్న, ఇగ అడగకు" అంటాడు.

నంబరు సరిపోయింది. అంబర్‌పేట ఇంజన్ తెచ్చాం. డీజిల్ మాట నర్సన్న మళ్ళీ ఎత్తలేదు. నెలల తరబడి కూర్చుని ఎనిమిదింటినీ సరిచేశాడు. ఒక్క దెబ్బ తప్పదు. "గడియారం లెక్క నడుస్తున్నది" అని మురిసిపోయాడు. అతని ముందు నవ్వి, మా ఇంటి షెడ్డులోకి వెళ్ళి ఏడ్చాను.

ఒకసారి ఉండబట్టలేక, ఏడో ప్లగ్గు వైరు పీకేయమని అడిగాను. నర్సన్న చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"పీకితే బండి మిస్ కొడ్తది అక్కా. సార్ రాడు."

ఏటా ఆయుధపూజకు ల్యాబుకు వెళ్తున్నాను. ఆ ఇంజన్‌కు బొట్టు పెట్టి, దండ వేసి, స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుని కాసేపు నిలబడతాను. ఇంతవరకూ ఏమీ వినపడలేదు. ఆ రోజు విన్నది ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. ఈసారి వినపడితే మాత్రం ఎవరినీ పిలవను.