ఊరవతలి హోటలు

ముందు పోయినవి చెప్తాను. మూడు రోజుల రానూపోనూ దారిలో పోయినవి ఆరున్నర గంటలు. దిగిన సాయంత్రం మొత్తానికి మొత్తం పోయింది, అది మూడు గంటల ఇరవై నిమిషాలు. కలిపితే తొమ్మిది గంటల యాభై నిమిషాలు. ఇవి కాక, నది ఒడ్డున కూర్చుని తిందామనుకున్న రెండు పూటల భోజనం, ట్రాములో మరిచిపోయిన గొడుగు ఒకటి, నా భార్య కుడికాలి మడమ మీద రూపాయి బిళ్ళంత చర్మం. అన్నిటికంటే కింద, ఒక చేతిమగ్గం.

ఇవన్నీ ఒకే మనిషి పేరు మీద రాసుకున్నాను. ఆయన నా సడ్డకుడు, అంటే నా భార్య అక్క భర్త. మస్కట్‌లో పంతొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చి ఖానాపూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. రెండు మక్కచేన్లు ఉన్నాయి. ఏ మాటకైనా ముందు "నేను దునియా తిరిగినోణ్ణి" అంటాడు.

నేను దునియా తిరగలేదు. చదివింది ఏడో తరగతి. సిరిసిల్లలో మరమగ్గాల, మా మాటలో సాంచాల, కార్ఖానాలో నేసిన మీటర్లకు కూలి లెక్కగట్టే పనిలో చేరి, చూస్తూ చూస్తూ లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు కరీంనగర్‌లో పదకొండు దుకాణాల లెక్కలు చూస్తాను. ఎవరికీ ఒక్క రూపాయి తప్పు రాలేదు.

లియోన్ అనే ఊరు ఫ్రాన్స్‌లో ఉందని నాకు తెలిసింది నా భార్య వల్ల. ఒకరోజు ఫోనులో ఏదో వీడియో చూస్తూ కూర కింద మంట ఆర్పడం కూడా మరిచిపోయింది. ఒక పాత చేతిమగ్గం, దాని నెత్తి మీద చిల్లులు పొడిచిన అట్టల దండ. ఒక్కో అట్ట దిగినప్పుడల్లా గుడ్డ మీద పువ్వు కొంచెం కొంచెం తేలుతోంది. ఆమె తండ్రి అలాంటి మగ్గం మీదే అంచు చీరలు నేసేవాడు. ఆ అట్టలను దారంతో వరసగా కుట్టే పని చిన్నప్పుడు ఈమెది. తర్వాత మరమగ్గాలు వచ్చాయి, మగ్గం కట్టెల ధరకు పోయింది. విడగొట్టిన రోజు వాళ్ళ బాపు అన్నం తినలేదట.

"ఆ మగ్గం ఇంకా నడుస్తుందంట ఆడ. జర ఒక్కసారి జూడాలె," అంది.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె నన్ను నోరు తెరిచి అడిగినవి నాలుగు. మూడు తీర్చాను. ఇది నాలుగోది. చిట్టీ ఎత్తాను. సంగతి తెలిసి అక్కా బావా కూడా బయలుదేరతామన్నారు. నలుగురం, నాలుగు రాత్రులు.

హోటలు ఎంచడం నా వంతుకు వచ్చింది. రెండు నెలలు అదే పని. నలభై ఒక్క హోటళ్ళు చూశాను. పొగిడినవాళ్ళు రాసింది చదవలేదు, తిట్టినవాళ్ళు రాసిందే చదివాను. ఒకే తిట్టు ముగ్గురి నోట వస్తే అది నిజమని లెక్క. ఫోటోలో మంచానికి రెండో పక్క గోడ కనిపించకపోతే ఆ గది ఇరుకని లెక్క. మెట్రోకు ఎన్ని అడుగులు, లిఫ్టు ఉందా, లేకపోతే మెట్లెన్ని, గదిలో నీళ్ళు కాచుకునే కెటిల్ ఉందా, ఇవన్నీ గళ్ళు గీసి నింపాను. చివరికి ఒకటి మిగిలింది. గుట్ట మీద, నేతగాళ్ళ పాత వాడలో. గది చిన్నదే, రెండు మంచాల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. కానీ మగ్గాల ఇల్లు అక్కడికి ఏడు నిమిషాలు.

ఆ మగ్గాల ఇల్లు ఆది, సోమవారాలు మూసి ఉంటుంది. మేము శుక్రవారం సాయంత్రం దిగి మంగళవారం పొద్దున విమానం ఎక్కాలి. అంటే మాకున్నది ఒక్క శనివారం. మగ్గం నడిపి చూపేది పదకొండింటికి. ఈ లెక్కంతా వేసుకునే ఆ హోటలు పట్టాను. డబ్బు మాత్రం సడ్డకుడి కార్డు మీద కట్టించాను, విదేశాల్లో చెల్లే కార్డు మాలో ఆయనకే ఉంది. నేను చేసిన తప్పు అదొక్కటే అని చాలా రోజులు అనుకున్నాను.

బయలుదేరడానికి తొమ్మిది రోజుల ముందు ఫోను చేశాడు.

"తమ్మీ, నీ కోళ్ళగూడు క్యాన్సల్ జేసిన. గంతకంటె తక్కువకే పెద్ద హోటల్ వట్టిన. స్విమ్మింగ్ పూల్ ఉన్నది. పొద్దుగాల టిఫిన్ ఫ్రీ."

"ఏడున్నదన్నా అది?"

"ఏర్‌పోర్ట్ పక్కకే. దిగుడు, పండుడు. ఫికరే లేదు."

"గంత దూరం పోయేది పండుకోనీకెనా అన్నా? మగ్గాలు ఊర్ల ఉన్నయి."

"నువ్వు సాంచాల కాడ మీటర్లు లెక్కవెట్టు. హోటళ్ళు నాకు ఇడిసిపెట్టు. నేను దునియా తిరిగినోణ్ణి."

నా పాత గది అప్పటికే వేరేవాళ్ళు తీసుకున్నారు. ఆ సాయంత్రమే కూర్చుని లెక్కగట్టాను. హోటలు వ్యాను, దాని తర్వాత ట్రాము, ఆ తర్వాత రెండు మెట్రోలు. ఒక్క వైపుకు ఎనభై నిమిషాలు. నా హోటలు నుంచైతే ఊళ్ళో ఏ మూలకైనా సగటున పదిహేను. తేడా అరవై ఐదు, రానూపోనూ నూట ముప్ఫై. ఆ కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఫ్రాన్స్ దాకా అది నాతోనే వచ్చింది.

స్విమ్మింగ్ పూల్ ఉన్న మాట నిజమే. దాని మీద నీలం టార్పాలిన్ కప్పి తాళ్ళతో కట్టి ఉంది. సడ్డకుడు ఒక నిమిషం చూసి, "చలి గదా," అన్నాడు. చుట్టూ పార్కింగు, దాని అవతల హైవే. ఆ సాయంత్రం మళ్ళీ ఊళ్ళోకి పోయే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇంటి నుంచి తెచ్చిన సకినాలు తిని పడుకున్నాం.

శనివారం పొద్దున తొమ్మిదీ పదికి వ్యాను. నా భార్య ఏడింటికే చీర కట్టుకుని హోటలు గుమ్మం పక్క సోఫాలో కూర్చుంది. సడ్డకుడు టిఫిన్ దగ్గర ఉన్నాడు. మూడోసారి ప్లేటు నింపుకున్నాడు.

"అన్నా, వ్యాను."

"ఫ్రీ ఉన్నది ఇడిసిపెట్టి ఎట్ల వస్తం తమ్మీ? మధ్యాహ్నం తిండి పైసలు మిగుల్తయి." ఉడికిన గుడ్లు ఆరు కాగితంలో చుట్టి తన భార్య, అంటే మా వదినె సంచిలో వేశాడు. "జర ఆగమను వాన్ని."

వ్యాను వాడు ఆగలేదు. తర్వాతది తొమ్మిదీ యాభైకి. హోటలు ముందు ఒక టాక్సీ నిలబడి ఉంది. నలుగురికీ అరవై యూరోలని ఫోనులో అంకె చూపించాడు డ్రైవరు. ఎక్కలేదు.

తొమ్మిదీ యాభైకి ఎక్కి, ట్రాము మారి, మెట్రోలు మారి, పైకొచ్చాక ఏ సందో తెలియక ఏడు నిమిషాలు తిరిగాం. మగ్గాల ఇంటి ముందుకు చేరేసరికి పదకొండూ పదిహేడు. తలుపు మూసి ఉంది. అద్దం వెనక ఒక పెద్దావిడ చేతి గడియారం మీద వేలుతో కొట్టి చూపించి తల అడ్డంగా ఊపింది. మధ్యాహ్నానికి ఉందా అని సైగ చేశాను. నిండిపోయిందని ఒక కాగితం చూపింది.

అప్పుడు వినిపించింది. లోపల మగ్గం నడుస్తోంది. పోగు మోసే నాడె ఆ కొస నుంచి ఈ కొసకు పోయే చప్పుడు, దాని వెనకే అట్ట దిగిన చప్పుడు. నా భార్య గోడకు అరచెయ్యి ఆనించింది. వాళ్ళక్క కూడా వచ్చి పక్కన నిలబడింది.

"బాపు కొట్టినట్టే ఉన్నదే," అంది వదినె.

"బాపుది ఇంకా జర నిమ్మలం," అంది నా భార్య. ముప్ఫై ఏళ్ళ తర్వాత విన్న చప్పుడులో ఆ తేడా ఆమెకు తెలిసింది.

వెనక నుంచి సడ్డకుడు గుడ్డు పొట్టు తీస్తూ అన్నాడు: "ఆడ ఉన్నదీ మగ్గమే, ఈడ ఉన్నదీ మగ్గమే. గింత దూరమొచ్చి మగ్గం జూసుడేంది? సిరిసిల్లల దొర్కదా?"

ఆ గుడ్డు పొట్టు ఆ గుమ్మం ముందు రాలింది. ఆయన బాకీ రాయడం అప్పుడే మొదలుపెట్టాను నేను. జేబులో కాయితం తీసి, ఆ అరవై ఐదు నిమిషాల తేడా కింద మొదటి గీత గీశాను. మగ్గం ఆగేదాకా అక్కాచెల్లెళ్ళిద్దరూ గోడ దగ్గర నుంచి కదలలేదు. మిగిలిన రెండు రోజులు కూడా నేను ఊరు చూడలేదు, గడియారం చూశాను.

పది నెలలు ఓపిక పట్టాను. వసంత పంచమి ముందు ఫోను వచ్చింది.

"తమ్మీ, బిడ్డ కొడుకుకు బాసరల అక్షరాభ్యాసం జేపిస్తున్నం. రూములు దొర్కుతలేవు. నువ్వేమన్న జూస్తవా?"

చూశాను. గుడి వెనక సందులో ఒక లాడ్జి మేనేజరు తమ్ముడి దుకాణం లెక్కలు నేనే రాస్తాను. ఆ రద్దీలోనూ మూడు గదులు ఇచ్చాడు. మూడూ నా పేరు మీదే పెట్టించాను. ఒకటి మాకు. రెండింటికి తాళం వేసి ఉంచమన్నాను, కిరాయి కట్టాను. అంత హాయిగా నేనెప్పుడూ డబ్బు కట్టలేదు.

"బాసరల లేవన్నా. భైంసాల పెద్ద లాడ్జి ఉన్నది. ఏసీ రూములు. పొద్దుగాల టిఫిన్ ఫ్రీ."

"శెభాష్ తమ్మీ! ఇప్పుడు నేర్సినవ్ హోటల్ వట్టుడు."

ఆ మాటకు ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు నవ్వుకున్నాను.

భైంసా నుంచి బాసరకు మామూలు రోజున ముప్పావు గంట. పంచమి రోజున ఎంతో నాకు తెలుసు. ఆ లాడ్జిలో టిఫిను ఏడున్నరకు ముందు పెట్టరనీ తెలుసు. ఆయన దాన్ని వదిలి రాడనీ తెలుసు. మేము ఐదింటికి నాలుగు నిమిషాలు నడిచి వరసలో నిలబడి ఆరూ నలభైకి బయటికొచ్చాం. అరుగు మీద కూర్చుని రెండు చాయ్‌లు తాగాను. వాళ్ళ కారును ఊరి బయటే ఆపేశారట. ఎండలో నడిచి వచ్చారు. పిల్లవాడు తాత భుజం మీద, కొత్త పలక వదినె చంకలో. వరస కదలదు. సడ్డకుడి అంగీ వీపుకు అతుక్కుపోయింది. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. లోపల వాడి చెయ్యి పట్టుకుని బియ్యంలో రాయించారట, కళ్ళు తెరవలేదట. వాళ్ళు బయటికొచ్చింది పదీ ఐదుకు.

ఆరూ నలభై నుంచి పదీ ఐదు. మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలు వసూలు. మొత్తం తొమ్మిది గంటల యాభై నిమిషాల్లో అది పోగా ఇంకా రావాల్సింది ఆరు గంటల ఇరవై ఐదు.

"మస్తు పరేషాన్ అయినం తమ్మీ," అన్నాడు సడ్డకుడు, నీళ్ళ సీసా నెత్తిన పోసుకుంటూ. "కానీ టిఫిన్ మాత్రం బాగుండె."

వదినె మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. "మరిదీ, మీరేడ దిగిన్రు? జర నడుం వాల్సాలె."

నేను ఏదో చెప్పేలోపే నా భార్య ఆమెను మా లాడ్జికి నడిపించింది. పిల్లవాణ్ణి నేనెత్తుకున్నాను. వదినెను మా గదిలో పడుకోబెట్టి, నా భార్య బిందె కోసం బయటికి రాగానే మేనేజరు ఎదురొచ్చాడు.

"సార్, ఆ రెండు రూములు ఇంగ తాళమేసే ఉంచాల్నా? పొద్దటి సంది మంది అడుగుతున్రు. పిల్లగాండ్లతోని ఉన్నరు."

నా భార్య నన్ను చూసింది. మేనేజరు చేతిలోంచి ఒక తాళంచెవి తీసుకుంది. రెండోది ఎవరికైనా ఇచ్చెయ్యమంది. పిల్లవాణ్ణి నా భుజం మీద నుంచి తీసుకుని, గది తెరిచి, ఫ్యాను వేసి పడుకోబెట్టి వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

"ఎంత వసూలైంది?" అంది. నా జేబులో కాయితం సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

"మూడు గంటల ఇరవై ఐదు."

"మంచిది. ఆ పొద్దు టాక్సీల పోదామన్నది ఎవలు?"

నేను జేబులో కాయితాన్ని ఇంకో మడత పెట్టాను.

"బావ పర్సు దీసిండు. 'నా వల్లనే లేటైంది, నేనే ఇస్త, నడు తమ్మీ' అన్నడు. 'వద్దన్నా, ఇంకో వ్యాను వస్తది గదా' అన్నది నువ్వు. నేను సోఫాల కూసొని జూస్తున్న."

నిజమే. తొమ్మిదింబావుకు ఆ టాక్సీ ఎక్కితే పదింటికి మగ్గాల ఇంటి ముందు ఉండేవాళ్ళం. ఉంటే, ఆ మనిషి బతికున్నన్నాళ్ళూ 'ఊరవతలి హోటలైతే ఏమాయె, చేరలేదా' అనేవాడు. నా జేబులో ఉన్న ఎనభై నిమిషాల కాయితం చిత్తు కాయితం అయ్యేది. ఆయన తప్పని ఆ రోజు రుజువు కావాలి నాకు. అరవై యూరోలు నా జేబులోనూ ఉన్నాయి.

"నీ లెక్క తప్పలే," అంది నా భార్య. "నాకు మగ్గం పోయింది." అని లేచి, బిందె తీసుకుని నీళ్ళకు పోయింది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. లియోన్ పేరు కూడా ఎత్తలేదు.

సడ్డకుడి మీద నా పగ తగ్గలేదు. గుమ్మం ముందు రాల్చిన ఆ గుడ్డు పొట్టు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. వచ్చే ఏడు కాశీ పోదామంటున్నాడు, గదులు నన్నే చూడమన్నాడు. ఘాట్లకు ఏ లాడ్జి ఎంత దూరమో అప్పుడే గళ్ళు గీశాను. ఆయన పేరు మీద ఆరు గంటల ఇరవై ఐదు నిమిషాలు అలాగే ఉంది, ఒక్క నిమిషం కూడా మాఫీ చెయ్యను.

కానీ ఆయన లెక్కలో ఒక వరస కొట్టెయ్యాల్సి వచ్చింది. ఆ మూసిన తలుపుది. దాన్ని అదే కాయితం వెనక్కి తిప్పి నా పేరు కింద రాశాను. ఇవ్వాల్సింది నా భార్యకు. పదకొండు దాటాక ఆలస్యమైన ఆ నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో, ఏ హోటలు పడితే తీరుతాయో తెలియదు. ఇవాళ్టికి నిలవ పదిహేడు నిమిషాలు.