ఆర్విడ్ సోలెమ్ నింపిన తూటాలు

ఆర్విడ్ సోలెమ్ ముప్పై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపాడు. మోంటానా తూర్పు కొసన డ్రై క్రీక్ చుట్టుపక్కల పొలాల్లో పెరిగినవాళ్ళలో సగంమంది ఆయన బస్సెక్కి చదువుకున్నవాళ్ళే. మంచు మోకాళ్ళ లోతు పడ్డా బస్సు ఆగలేదు, ఒక్క పిల్ల మోచెయ్యీ గీరుకోలేదు. ఆ మంచి పేరు ఊళ్ళో ఇంకా ఉంది. పెళ్ళి మాత్రం కాలేదు. అడగాల్సినప్పుడు ఆయనకు నోరు పెగల్లేదు, అంతకు మించి పెద్ద కథేమీ లేదు.

రిటైరయ్యాక ఆయన కాలమంతా తూటాలు నింపడంలోనే గడుస్తోంది. ఇంటి వెనక, బురద బూట్లు విప్పే గదిలో కిటికీ కింద బల్ల. బల్ల మీద ఇనప ప్రెస్సు, పక్కన మందు కొలిచే గొట్టం. కాల్చేసిన తూటా గుల్లను ఆ ఊళ్ళో ఎవరూ పారేయరు. ఏరుకొచ్చి కడుగుతారు, ప్రెస్సులో సాపు చేస్తారు, అడుగున నిప్పు రాజేసే కొత్త బిళ్ళ బిగిస్తారు. లోపల చిటికెడు మందు పోసి పైన సీసపు గుండు కూర్చితే మళ్ళీ కొత్త తూటా. ఆర్విడ్ నింపేవి పిస్తోలు తూటాలే గానీ వాటిని కాల్చేది కార్బైన్‌లో. కింద మీట లాగి కాల్చే పొట్టి రైఫిలది. పిస్తోలు ఏది పెట్టినా కిక్కురుమనకుండా మింగుతుంది. కార్బైన్‌కు నిక్కెక్కువ. తూటా వెంట్రుకవాసి పొడుగైనా గొంతులో అడ్డం పడి కూచుంటుంది. ఆర్విడ్ తూటాలు మాత్రం ఎన్నడూ అడ్డం పడలేదు.

అయినా ఏం లాభం, వాటిని ఇంకెవరూ కాల్చరు. ఆ ఊరి కట్టుబాటు అది. ఎవరు నింపిన తూటా వాళ్ళే కాల్చుకోవాలి. సొంత తమ్ముడు ఇచ్చినా థాంక్స్ చెప్పి జేబులో వేసుకుంటారు, ఇంటికెళ్ళి విప్పేసి గుల్లలు మాత్రం ఉంచుకుంటారు. దీన్నెవరూ తప్పు పట్టరు. చెంపకు ఆనించుకుని కాల్చే వస్తువు మరి.

ఊరు మొత్తం మీద ఈ కట్టుబాటును లెక్కచెయ్యనిది మేవిస్ డోకెన్ ఒక్కతే. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది, భర్త పోయి చాలా కాలమైంది. పాతకాలం కౌబాయ్ టోపీలు పెట్టుకుని, దొంగపేర్లతో తుపాకి పందేలు ఆడే క్లబ్బులో ఆమె పేరు మొండి కంచరగాడిద. ఆ పేరు తనే పెట్టుకుంది, ఎవరూ కాదనలేదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక రోజు ఆర్విడ్‌ను ఆపి, “నాక్కూడా నింపిపెట్టవయ్యా, కొట్లో ధరలు మండిపోతున్నాయి” అంది.

అప్పట్నించీ నెలకోసారి ఆర్విడ్ డబ్బా పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడతాడు. ఆమె డబ్బా తీసుకుని, రూబార్బ్ అనే పుల్లటి కాడలు పెట్టి కాల్చిన తీపి పై ఒకటి చేతిలో పెడుతుంది. ఐదు నిమిషాలు గాలి గురించి, బీట్‌దుంప పంట గురించి మాట్లాడుకుంటారు. నిజం చెప్పాలంటే ఆ ఐదు నిమిషాల కోసమే ఆయన నెలంతా బతికేవాడు. ఈ ముక్క ఎవరైనా మొహం మీద అంటే మాత్రం చెవులు ఎర్రబడి లేచి వెళ్ళిపోయేవాడు.

క్లబ్బు పందెం ఆదివారం. గురువారం మధ్యాహ్నం ఆర్విడ్ ఆమె డబ్బాకే మందు పోస్తున్నాడు. గుల్లను గొట్టం కింద పెట్టి పిడి లాగితే ఒక మోతాదు పడుతుంది. అది పక్కన పెట్టి ఇంకోటి. ఇంతలో వంటింట్లో ఫోన్ మోగితే లేచి వెళ్ళాడు. మేవిస్.

“ఏం చేస్తున్నావయ్యా?”

“నీ పనే. ఏం, ఏమైనా కావాలా?”

“ఏమీ వద్దు. ఊరికే, నీ గొంతు విందామని” అని పకపకా నవ్వి పెట్టేసింది.

ఆర్విడ్ పొయ్యి దగ్గర కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత బల్ల దగ్గరికొచ్చి పని ముగించాడు. ఎప్పట్లాగే టార్చి వేసి గుల్లలన్నిటి లోపలికీ తొంగి చూశాడు. అన్నీ బాగానే కనిపించాయి. కంట్లో పొర ముదిరిందని, తీయించుకొమ్మని డాక్టరు రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. తర్వాత చూద్దాం అనుకుంటూనే ఉన్నాడు. మర్నాడు డబ్బా ఆమెకు ఇచ్చొచ్చాడు.

ఆదివారం పొద్దున గుడ్లు తింటుంటే మళ్ళీ ఫోన్ మోగింది. ఎవరో పొరపాటున చేశారు. పెట్టేసి తిరిగొచ్చి, పళ్ళెంలో వదిలేసిన ఫోర్కును చూసి నిలబడ్డచోటే బిగుసుకుపోయాడు. గురువారం కూడా ఇలాగే లేచాడు. లేచినప్పుడు గుల్ల గొట్టం కిందే ఉంది. పిడి అప్పటికే లాగాడా? తిరిగొచ్చాక మాత్రం లాగాడు, అది బాగా గుర్తుంది. ముందు కూడా లాగి ఉంటే ఆ గుల్లలో రెట్టింపు మందు పడ్డట్టే. ఆ గుల్ల లోతుకు రెండింతలైనా పొర్లదు, పైకి తెలీదు. కార్బైన్ మేవిస్ మొహం దగ్గర పగులుతుంది.

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పందెం జరిగే కంకర గోతిలో సిగ్నల్ ఉండదు. బస్సు నడిపినన్నాళ్ళూ గీత దాటనివాడు ఆ రోజు మట్టిరోడ్డు మీద పికప్పును దుమ్ము రేగేలా తోలాడు. చెబితే ఆమె ఇంకెప్పుడూ తన తూటా ముట్టుకోదు, గుమ్మం ముందు నిలబడే దారీ మూసుకుపోతుంది. దారంతా ఈ మాటే మనసులో మెదిలింది. మెదిలినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

గోతి దగ్గరికి చేరేసరికి మేవిస్ మొదటి వరస కాల్చేసి రెండో వరసకు కార్బైన్ ఎత్తుతోంది.

“ఆపండి! కాల్పులు ఆపండి!” పికప్పు దిగుతూనే అరిచాడు ఆర్విడ్.

ఆ మాట ఎవరన్నా అందరూ ఆగాల్సిందే. మేవిస్ కార్బైన్ దించి బల్ల మీద పెట్టింది. పందెం నడిపించే డెల్బర్ట్ చేతిలో గడియారంతో పరిగెత్తుకొచ్చాడు.

“ఏమైందిరా ముసలోడా? దయ్యాన్ని చూశావా?”

“నేను నింపినవాటిలో ఒకదాంట్లో రెండుసార్లు మందు పడి ఉండొచ్చు.” ఊరంతా వినేలా చెప్పాడు. “నా తప్పే. మేవిస్, అవి కాల్చకు.”

మేవిస్ కార్బైన్‌లోని తూటాలు బయటికి తీసి, డబ్బా తెచ్చి ఆర్విడ్ పికప్పు వెనక తలుపు దించి దాని మీద బోర్లించింది. సుత్తి తలలో తూటా బిగించి కట్టెకేసి కొడితే గుండూ మందూ ఊడొస్తాయి, అలాంటి సుత్తి ఒకటి డెల్బర్ట్ తన పెట్టెలోంచి తీసిచ్చాడు. మేవిసే కొట్టింది. ఒక్కోదాని మందునూ కాగితం పళ్ళెంలో పోసి వేలితో పక్కకు నెడుతూ పోయింది. అన్నీ ఒకే తీరు చిన్న కుప్పలు. ఆర్విడ్‌కు కాస్త ఊపిరాడబోతుండగా పళ్ళెంలో ఒక కుప్ప పడింది, పక్కవాటికి రెండింతలుంది.

డెల్బర్ట్ టోపీ తీసేశాడు. మేవిస్ ఆ కుప్పను చూసి, కార్బైన్‌ను చూసి, తన బండి వైపు నడిచింది.

అయిపోయింది అనుకున్నాడు ఆర్విడ్. పికప్పు బంపరు మీద కూలబడ్డాడు. ఆమె బతికే ఉంది, అది చాలు అనుకున్నాడు, కానీ చాల్లేదు.

మేవిస్ వెళ్ళిపోలేదు. ఒక అట్టపెట్టె మోసుకొచ్చి ఆయన పక్కన ధబేల్మని దించింది. లోపల కొట్లో కొన్న తూటాల పెట్టెలు, సీలు కూడా విప్పలేదు.

“చూశావా? మా చెల్లెలి కొడుకు బిల్లింగ్స్‌లో తుపాకుల కొట్టు పెట్టి ఏడేళ్ళయింది. ఇవి సగం ధరకే ఇస్తాడు. ఇంట్లో ఇంకా బోలెడున్నాయి.”

ఆర్విడ్‌కు అర్థం కాలేదు. “మరి నావెందుకు తీసుకున్నావు?”

“ఎందుకా? ఇవాళ నా మొహం పేలిపోయేది, ఇంకా ఎందుకని అడుగుతున్నావా?” ఆమె అరిచేసింది. కోపమా ఏడుపా ఆమెకే తెలీదు. “నువ్వు గుమ్మం దాటి లోపలికొస్తావని! ఈసారైనా ఇంకో ముక్క ఎక్కువ మాట్లాడతావని! అసలు నాకు రూబార్బ్ వాసనే పడదయ్యా. ముక్కు మూసుకుని చేశాను ఎనిమిదేళ్ళు!”

డెల్బర్ట్ ఉన్నట్టుండి గురికి పెట్టిన అట్టబొమ్మలు సర్దడానికి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ అతని వెనకే జారుకున్నారు.

“తూటాలు లేకుండా వస్తే నన్నెందుకు రానిస్తావనుకున్నాను” అన్నాడు ఆర్విడ్, నేల చూపులు చూస్తూ.

“ఇక తూటాలు తేకు. ఊరికే రా.”

“ఊరికే వస్తే ఏం మాట్లాడను?”

“ముందు వచ్చి కూచో. మాటల సంగతి నేను చూసుకుంటా” అని మేవిస్ కళ్ళు తుడుచుకుని, ఆయన పక్కనే బంపరు మీద కూచుంది.