డబ్బాల మెసేజులు

మా ఇంట్లో ఫోనొస్తే స్పీకరు వేయాల్సిందే. అది మా అత్త పెట్టిన చట్టం. కొడుకు బెంగళూరులో కట్టడం పనికి పోయినాడు, నేను ఆయన చెవిలో ఏమన్నా ఎక్కిస్తానేమో అని ఆయమ్మకు అనుమానం. నాకేమన్నా తక్కువా? నేను ఆయమ్మ కంటే రెండాకులు ఎక్కువే.

టచ్ ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. పోయేటప్పుడు ఆయనే నాకొకటి కొనిచ్చినాడు. ఒకరోజు దాంట్లో మెసేజు వచ్చింది. తెరిచి చూస్తే అక్షరాలు లేవు, వరసగా ఖాళీ డబ్బాలు. మర్నాడు ఇంగోటి, అవీ డబ్బాలే. పెండ్లయినప్పటి నుంచి నాతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఇంత పొడుగున ఏం రాస్తాండాడు? ఎవురు రాసిపెడతాండారు? నాకే పంపినాడా, ఇంగెవరికో పోవాల్సింది దారి తప్పి నాకొచ్చిందా?

మా అత్త తొంగి చూసి, "ఏందే అవి? మొగుడూ పెండ్లాము కూడబలుక్కుని గీతలు గీసుకుంటాండారా?" అనింది.

ఆ మాపున ఆయన ఫోన్ చేసినాడు. స్పీకరు వేసుండాది, అత్త పక్కనే శెనక్కాయలు ఒలుస్తాండాది.

"మెసేజు వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"మరి?"

"మరేంది?"

"ఏం లేదులే" అని పెట్టేసినాడు. అత్త ముందర డబ్బాల సంగతి అడిగేకి నాకు మనసు రాలేదు. ఏం లేనోడు అంత రాస్తాడా? ఆ తర్వాత గూడా డబ్బాలు వచ్చినాయి గాని, ఫోను మటుకు రాలేదు.

ఇంగ పట్టలేక ఉరవకొండలో సెల్లు రిపేరీ అంగడికి పోయినా. అంగడాయప్ప చూసి నవ్వినాడు. "ఇవి తెలుగు మెసేజులక్కా. ఆయన ఫోన్లో తెలుగు ఉండాది, నీ దాంట్లో కంపెనీవాళ్లు పెట్టలేదు. అందుకే డబ్బాలు."

"నువ్వు పెట్టు మరి."

"ఊరికే పెట్టేకి కాదు. లోపలికి పోకుండా వాళ్లు తాళం వేసింటారు. ఆ తాళం తీసేదాన్నే రూట్ చేసేదంటారు. చేస్తే గ్యారంటీ పోతాది. ఒక్కోసారి ఫోనే చచ్చిపోతాది, మెసేజులూ పోతాయి. నన్ను అనొద్దు."

దుడ్లిచ్చి కొన్నది మేము, తాళంచెవి వాళ్ల కాడనా? ఇదేం న్యాయమప్పా. సరే, తాళం తీస్తే రేపు ఎవురెవురు దూరతారో? ఈయప్పే దూరడని ఏం నమ్మకం? "నా ఫోనుకు పంపక్కా, చదివి చెప్తా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నా మొగుడి రాత నువ్వు చదివేదేంది? రూటే చెయ్యి. నేను ఈడే కూర్చోనుంటా."

కంప్యూటరుకు వైరు తగిలించినాడు. ఫోను నల్లగయిపాయ. ఎంతసేపటికీ వెలగలేదు. ఫోను పోతే పోనీ, ఆ డబ్బాలు పోతే నా మొగుడు నాకు ఉండాడో లేడో ఎట్ల తెలుస్తాది? ఆయప్ప చేయి యాడికి పోతే నా కండ్లు ఆడికే పోయినాయి. వెలుగు రాంగానే, తెలుగు పెట్టినానని చెప్పంగానే, చేతిలోంచి లాక్కుని బయటికొచ్చినా.

ఒత్తులు ఊడి పక్కన పడినాయి గాని, తెలుగే.

"గోడ కట్టేకి నిలబడే సారవ కర్రల మీంచి పడినా. మోకాలు పోయింది. అమ్మ వింటాదని ఫోన్లో చెప్పలేదు. ఇంగ ఈ పని చేసేకి కాదు. ఇంటికొచ్చి గొర్రెలు మేపుకుంటా. రమ్మంటావా?"

దాని కింద: "ఏం పలకవేం?"

ఇంగా కింద: "వచ్చిందంటివి. మరేంది అంటివి. కుంటోడు వద్దనుకుంటివేమో."

కడాకు: "సరేలే. నేను ఈడే ఉంటా."

నా నోరు పడిపోను. బస్టాండులో గోడకానుకుని అప్పుడే ఫోన్ చేసినా.

"వచ్చేయ్" అన్నా.

"ఎవురు చెప్పమన్నారు? అమ్మ ఉండాదా పక్కన?"

"ఎవురూ లేరు. ఇప్పుడే చదివినా. ఇన్నాళ్లూ నా ఫోన్లో తెలుగు కనపడలేదప్పా."

నమ్మలేదు. "స్పీకరు వేసినావా?" అన్నాడు.

"లేదు. చెవి కాడ పెట్టుకోనుండా. రా."

అప్పుడు ఏడ్సినాడు మా ఆయన.